కలంకారీ కమీజు

‘కమీజు’ అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. అరబ్బీలోని ‘ఖమీస్’ పారసీ, ఉర్దూల మీదుగా మన వాడుకలోనికి వచ్చినది. లాటినులోని ‘కమీసియా’ దీనికి చుట్టమేనని నిఘంటుకారులు చెప్పుదురు. దాని వెంటనే ‘జేబు’, ‘జుబ్బా’, ‘పైజామా’, ‘అస్తరు’ కూడ వచ్చినవి. ఇన్నిటిని కుట్టే ‘దర్జీ’ సైతం పారసీ పదమే. తెలుగునాట బట్ట నేయుటకు కావలసిన మాటలు మనవి. నేసిన బట్టను కత్తిరించి కుట్టుటకు వాడే మాటలలో చాలభాగము ఓడలెక్కి, గుర్రాలెక్కి వచ్చినవి.

ఈ కమీజునే నేడు విజయవాడలో కొందరు ముస్లిం స్త్రీలు తమ ఇంటి కుట్టుమిషను మీద కొత్తగా రూపుకట్టుచున్నారు. దీనికి కారణము చాల సామాన్యమైనది. కళాశాలకు పోయే పిల్లకో, పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయినికో కావలసిన చొక్కా బజారులో దొరకదు. మోకాళ్లు దాటాలి, చేతులు మణికట్టు వరకు రావాలి, మెడ మూసి ఉండాలి. ఒంటికి అతుక్కోరాదు, వెలుతురులో లోపలిది కనిపించరాదు. ఇన్నీ ఉండి చూచుటకు ముచ్చటగా ఉండాలి. ఇవన్నీ ఉన్న చొక్కా అంగడిలో ఎప్పుడైనా కనిపించినా అది నైలాను జాతి గుడ్డతో చేసినదై ఉంటుంది. రోహిణీ కార్తెలో 44, 45 డిగ్రీల ఎండలో బెజవాడ వీధులలో అటువంటి గుడ్డ కప్పుకొని నడచుట ఎంత శిక్షయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట. ‘ముస్లిం స్త్రీ వేషము’ అనేది ఒక్కటే ఉన్నదనుకొనుట పొరపాటు. కృష్ణా, గుంటూరు పల్లెలలో దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల స్త్రీలు తెలుగే మాట్లాడుదురు. ఇరుగుపొరుగు వలెనే చీర కట్టి, కొంగు తలమీదికి లాగుకొందురు. పట్టణములో బుర్ఖా వేసేవారున్నారు, ఓణీతో సరిపెట్టేవారున్నారు. ఖురానులో ‘నూర్’ అధ్యాయము స్త్రీలను వక్షముపై ముసుగు వేసుకొమ్మన్నది నిజమే. దానికి ముందు వాక్యము పురుషులను చూపు దించుకొమ్మన్నది. ఈ మొదటి వాక్యమును జ్ఞాపకము పెట్టుకొనేవారు తక్కువ. ఎంత పొడవు, ఎంత వెడల్పు అనేది తొడుగుకొనే ఆమె నిర్ణయము. కుట్టే ఆమె పని ఆ కొలత తీసుకొనుట వరకే.

బట్ట కొరకు వన్‌టౌన్‌లోని వస్త్రలత టోకు అంగళ్లకు పోవచ్చును. కాని దానికంటె దగ్గర సంబంధము గల బట్ట బందరు దారిలో ఉన్నది. మచిలీపట్టణమునకు పది కిలోమీటర్ల దూరములోని పెడన నేటికీ అచ్చు అద్దకానికి పెట్టింది పేరు. ‘కలంకారీ’ అనగా కలముతో చేసిన పని. ఈ మాట కూడ పారసీదే. శ్రీకాళహస్తిలో వెదురు కలముతో పురాణగాథలు చిత్రింతురు. బందరు పద్ధతిలో టేకు కొయ్యమీద చెక్కిన అచ్చులతో తీగెలు, పూలు, బాదం ఆకారపు బుటాలు అద్దుదురు. ఈ భేదము ఊరక ఏర్పడినది కాదు. గోలకొండ సుల్తానుల కాలములో బందరు రేవునుండి అద్దకపు బట్ట ఇరాను దేశమునకు విశేషముగా ఎగుమతి అయ్యేది. మసీదులోని మిహ్రాబు ఆకారము, దాని నడుమ సరుగుడు వంటి సైప్రస్ చెట్టు గల ప్రార్థనావస్త్రములను ఇక్కడి పనివారే ఇరాను వర్తకుల కొరకు అద్దిరి. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరులో వర్తకస్థానములు నెలకొల్పుటకు ఈ బట్టలే ముఖ్యకారణము. పదిహేడవ శతాబ్దిలో ఈ ప్రాంతములకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, ఈ అద్దకము అడిగినంత దొరకదని తన యాత్రాగ్రంథములో వ్రాసినాడు.

ముస్లిం దేశాల అభిరుచికి తగినట్లు మలచబడిన అద్దకము తిరిగి ముస్లిం స్త్రీ చొక్కాకు వచ్చుటలో ఒక సహజత్వము కలదు. ఐతే పెడనలో నేడు బుద్ధుని ముఖము, ఏనుగులు, నాట్యగత్తెలు కూడ అచ్చవుతున్నవి. అవి చీరకు అందమే. నమాజు వేళ తొడుగుకొనే బట్టకు ప్రాణిరూపములు తగవని ఎంచేవారు తీగెలను, బుటాలనే ఏరుకొందురు.

అద్దక విధానము కూడ తెలుసుకొనదగినది. నూలుగుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవము అచ్చుతో తగులగానే, కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడును. పటిక నీరు తాకిన చోట, రంగుతో ఉడికించినప్పుడు ఎరుపు పట్టును. పూర్వము ఆ ఎరుపు చిరివేరునుండి వచ్చేది. నేడు చాలచోట్ల అలిజరిను వాడుచున్నారు. గుడ్డను పారే కాలువనీటిలో జాడింతురు. నిలవనీటిలో ఉతికితే రంగు పక్కకు పాకును. రసాయనశాస్త్రపు పాఠము చెప్పే ఉపాధ్యాయులకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఇక కోత. ఈ చొక్కాలో అసలు తెలివి అంతా ఇక్కడనే ఉన్నది. గుడ్డను ఒకసారి నానబెట్టి ఆరవేయకుండ కత్తెర పెట్టరాదు. లేకున్న మొదటి ఉతుకులోనే మోకాలి పొడవు తొడకు చేరును. చంక క్రింద నలుచదరపు ముక్క ఒకటి అతుకుట పాత దర్జీల పద్ధతి. ఉపాధ్యాయిని నల్లబల్ల మీద వ్రాయుటకు చేయి ఎత్తినప్పుడు ఈ ముక్క సాగి, చొక్కా పైకి లేవకుండ కాపాడును. ప్రక్క చీలిక నడుము దగ్గర కాక మోకాలికి కొంచెము పైన మొదలు కావాలి. వెడల్పు చాలకపోతే ప్రక్కలకు ముక్కోణపు ముక్కలు కలుపవచ్చును. ముందు గుండీల మధ్య సందు కనిపించకుండ లోపలి పట్టీ వెడల్పుగా ఉంచి, రొమ్ము ఎదుట ఒక గుండీ అదనముగా కుట్టవలెను. అస్తరు చొక్కా అంతటికీ వేస్తే ఉక్క. ముందు, వెనుక నడుము వరకు వేస్తే చాలును.

చేతుల సంగతి బయటివారికి తోచదు. నమాజుకు ముందు ‘వుజూ’ చేయునప్పుడు మోచేతుల వరకు కడుగుకొనవలె. మణికట్టు దగ్గర బిగుతుగా కుట్టిన చేయి మోచేతి పైకి పోదు. కనుక పట్టీ వెడల్పుగా ఉండి, గుండీ విప్పగానే చేయి సులభముగా మడత పడాలి. పెద్ద పెద్ద సంస్థలు ఈ రంగములోనికి వచ్చినవి: డోల్చె అండ్ గబ్బానా 2016లో అబాయాలను, నైకీ 2017లో క్రీడాకారిణుల ముసుగును బజారులోనికి తెచ్చినవి. కాని ఒకానొక స్త్రీకి రోజుకు ఐదుమార్లు ఎదురయ్యే ఈ చిన్న ఇబ్బందిని ఎరిగి కుట్టగలిగినది ఆమె పక్కింటి దర్జీయే.

గాంధీజీ 1924లో యంత్రములను గురించి సంభాషించుచు, సింగరు కుట్టుమిషనును తమ వ్యతిరేకత నుండి మినహాయించిరి. ఇంటిలో కూర్చుండి చేయగల పనికి అది తోడు. ఐతే ఇంటిలో చేసిన పనికి వెల కట్టుట మాత్రము ఏ యంత్రమూ నేర్పదు. ఒక లెక్క వేసి చూడవచ్చును. అద్దకపు గుడ్డ మీటరు 220 రూపాయలనుకొందము. రెండున్నర మీటర్లకు 550, అస్తరుకు 60, దారము, గుండీలకు 40. మొత్తము 650. చొక్కాను 900కు అమ్మితే 250 మిగులును. నానబెట్టుట, కోత, కుట్టు, కాజాలు, ఇస్త్రీ కలిపి ఐదు గంటల పని. గంటకు 50 రూపాయలు. పది చొక్కాలలో ఒకటి అమ్ముడుపోక మిగిలిపోతే ఆ 650 తీసివేయగా మిగిలేది 1600. అప్పుడు గంటకు 32 మాత్రమే. విద్యుత్తు ఖర్చు, సూదుల ఖర్చు ఇందులో లేవు. ఈ లెక్కను తరగతిలో పిల్లలచేత చేయించితే, వెల తక్కువ చెప్పినది మంచి వ్యాపారమనే భ్రమ వారికి చిన్ననాడే తొలగును.

2023 సెప్టెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతము వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల అప్పు అందులో ఉన్నవి. కుటుంబమునకు ఒక్కరే అర్హులు. భర్త తాపీపనివాడుగా పేరు నమోదు చేసుకొని ఉంటే భార్య దర్జీగా చేరలేదు. ఇంటి మిషను మీద బ్రతుకు సాగించే స్త్రీకి ఈ నిబంధన ఎంత బరువో నిర్ణేతలు యోచించవలసినది.

మరొక పోటీ బట్టలోనే పొంచి ఉన్నది. కలంకారీ నమూనాలనే తెర అచ్చులో త్వరత్వరగా ముద్రించి సగము వెలకు అమ్ముచున్నారు. కొనేవారికి తేడా తెలియుట సులభము కాదు. చేతి అచ్చులో ఒక అచ్చుకు మరొక అచ్చుకు నడుమ వెంట్రుకవాసి ఎడమో, అతివ్యాప్తియో ఉంటుంది. తెర అచ్చులో బుటాలన్నీ ఒకే తీరున ఉంటవి. చొక్కా ముందుభాగము కోసేటప్పుడు ఆ అతుకు రొమ్ముమీద పడకుండ గుడ్డను జరిపి చూచుకొనుట నేర్చిన చేతులకు ఆ తేడా వెంటనే చిక్కును. రంజాను నెలలో రాత్రులు మిషను ఆగదు. పండుగకు వారము ముందే కొత్త కొలతలు తీసుకొనుట మానివేయుదురు. మిగిలిన ముక్కలు మెడపట్టీలకు, జేబులకు పోవును. ఆడవారి చొక్కాకు జేబు ఎందుకని అడిగే అంగడివారు ఉన్నారు. అడిగినవారికి కొలతలిచ్చిన ఉపాధ్యాయిని జవాబు ఒకటే: సుద్దముక్క పెట్టుకొనుటకు.