కుక్కపిల్ల ఎందుకు కొరుకుతుంది? ఎలా మాన్పించాలి?

పొద్దున్నే జంగ్లీఘాట్ చేపల జెట్టీ వైపు వెళ్తే చెవిన పడే మాటల్లో తెలుగు చాలానే ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఈ పేటలో ఎన్నో ఉన్నాయి. నాన్నల బదిలీల మీద ఈ దీవికి వచ్చిన మాకు, ఆ మాటలు విన్న రోజునే ఇది పరాయి ఊరు కాదనిపించింది.

డిసెంబరులో ఒక సాయంత్రం అక్కడే, బోర్లించిన పడవ కింద, వానకు తడిసిన కుక్కపిల్ల ఒకటి కనిపించింది. తల్లి జాడ లేదు. తోడబుట్టిన పిల్లల్ని ఎవరెవరో తీసుకుపోయారని అక్కడివాళ్ళు చెప్పారు. వీపు మీద గవ్వ మీద ఉన్నట్టే చుక్కలు. అందుకే దానికి గవ్వ అని పేరు పెట్టాం. మా క్వార్టర్స్ పిల్లలం నలుగురం కలిసి ఇంట్లోవాళ్ళను బతిమాలి, కింది అంతస్తు వరండాలో దానికి చోటు సంపాదించాం.

రెండో రోజుకే మా చేతుల నిండా గీతలు! ఎత్తుకుంటే కొరుకుతుంది. నిమిరితే కొరుకుతుంది. నడుస్తుంటే మడమలు పట్టుకుంటుంది. "ఇది కరిచే కుక్క. వదిలేసి రండి" అన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. వదిలేయకుండా మేము ఏం చేశామో, అందులో ఏం తెలుసుకున్నామో చెప్పడానికే ఈ వ్యాసం.

కోపం కాదు, ఆట

మొదట తెలుసుకోవలసింది ఇది. చిన్న కుక్కపిల్ల కొరకడం చాలావరకు కోపం వల్ల కాదు. మనకు చేతులు ఎలాగో దానికి నోరు అలాగ. వస్తువును పట్టుకోవాలన్నా, అదేమిటో తెలుసుకోవాలన్నా, ఆటకు పిలవాలన్నా నోటితోనే.

కుక్కపిల్ల పుట్టినప్పుడు దానికి పళ్ళుండవు, కళ్ళు కూడా తెరవదు. దాదాపు రెండు వారాలకు కళ్ళు తెరుస్తుంది. మూడో వారం నుంచి పాలపళ్ళు మొలుస్తాయి. మొత్తం 28. అవి సూదుల్లా ఉంటాయి. తర్వాత మూడు, నాలుగు నెలల నుంచి అవి ఊడిపోతూ ఏడో నెలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. పళ్ళు మారేటప్పుడు చిగుళ్ళు సలుపుతాయి కనుక ఏది దొరికితే దాన్ని నమలబుద్ధి అవుతుంది.

మరి అన్ని కుక్కలూ పెద్దయ్యాక మనుషుల్ని కొరకవు కదా! ఆ అదుపు వాటికి ఎవరు నేర్పుతారు? తల్లి, తోటి పిల్లలు. ఒక పిల్ల మరీ గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేసి వెళ్ళిపోతుంది. పాలు తాగేటప్పుడు పళ్ళు గుచ్చుకుంటే తల్లి లేచిపోతుంది. "గట్టిగా కొరికితే ఆట పోతుంది, పాలూ పోతాయి" అని పిల్లకు అర్థమవుతుంది. మూడో వారం నుంచి ఎనిమిదో వారం వరకు ఈ బడి నడుస్తుంది. అందుకే ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరుచేయకూడదంటారు. మా గవ్వ ఆ బడికి సగంలోనే దూరమైంది.

మేము చేసిన పొరపాటు

మొదట్లో మాకు ఇదేమీ తెలియదు. కొరికినప్పుడల్లా ముక్కు మీద చిన్నగా కొట్టాం. కొరకడం తగ్గకపోగా, చెయ్యి దగ్గరకు వస్తుంటేనే గవ్వ బెదిరిపోయి ముందే పళ్ళు చూపించడం మొదలుపెట్టింది. అంటే మేము నేర్పింది "కొరకకు" అని కాదు, "చేతిని నమ్మకు" అని.

ఒకరోజు అది చూసిన జెట్టీ దగ్గరి మామ్మ ఒకావిడ చేపల బుట్ట దించి మమ్మల్ని నిలేసింది. "ఏటి నాయనా, కుక్కపిల్లని కొడతారేటి? దానికి తల్లి లేదు, తోటి పిల్లల్లేవు. మెత్తగా పట్టుకోడం ఎవురు నేర్పుతారు? మీరే నేర్పాల" అంది. పశువైద్యశాలలో డాక్టరుగారు కూడా ఇదే మాట ఇంకాస్త వివరంగా చెప్పారు. ఆయన చెప్పినవి, మేము చేసి చూసినవి కలిపి కింద రాస్తున్నాం.

మేము పాటించిన ఆరు పద్ధతులు

ఒకటి, పళ్ళు తగిలితే ఆట బంద్. చర్మానికి పళ్ళు తగలగానే చెయ్యి వెనక్కి లాగకూడదు. లాగితే అది పరుగెత్తే ఎలుకలా కనిపించి ఇంకా హుషారుగా పట్టుకుంటుంది. చెయ్యి కదపకుండా ఉంచి, మామూలు గొంతుతో "చాలు" అని, నోరు వదలగానే లేచి అటు తిరిగి నిలబడాలి. ఇరవై, ముప్పై సెకన్లు దానివైపు చూడకూడదు, మాట్లాడకూడదు. తర్వాత మళ్ళీ ఆడుకోవచ్చు. అరవడం, కేకలు పెట్టడం వద్దు. చాలా పిల్లలకు అది కూడా ఆటలాగే అనిపిస్తుంది.

రెండు, చేతికి బదులు మరొకటి. నమలడం దాని అవసరం. దాన్ని పూర్తిగా ఆపలేం, దారి మళ్ళించగలం. పాత తువ్వాలు ముడులు వేసి, తడిపి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చాం. చల్లదనం చిగుళ్ళకు హాయిగా ఉంటుంది. జెట్టీ దగ్గర దొరికే వలతాడు ముక్కలు మాత్రం ఇవ్వకండి. నైలాన్ పోగులు మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి.

మూడు, మెత్తగా ఉన్నప్పుడే మెచ్చుకోలు. మనం తప్పును చూసినంత చురుగ్గా మంచిని చూడం. చెయ్యి నాకినప్పుడు, పక్కన ఊరికే కూర్చున్నప్పుడు వెంటనే "శభాష్" అని, ముళ్ళు తీసిన ఉడికించిన చేప ముక్క చిన్నది పెట్టేవాళ్ళం. ఆలస్యం చేస్తే దేనికి మెచ్చుకున్నామో దానికి తెలియదు.

నాలుగు, ముట్టుకోవడం అలవాటు చేయడం. పాదం ఒక్క సెకను పట్టుకుని వదిలి, వెంటనే తిండి ముక్క ఇవ్వాలి. మర్నాడు రెండు సెకన్లు. తర్వాత చెవి, తోక, నోరు. చివరగా ఎత్తుకోవడం. గింజుకుంటే అంతకుముందు రోజు ఎక్కడ ఉన్నామో అక్కడికి వెనక్కి వెళ్ళాలి. చెయ్యి దగ్గరకు వస్తే మంచే జరుగుతుందన్న నమ్మకం దానికి కలగాలి. మేము కొట్టి పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి తెచ్చింది ఇదే. ఎక్కువ రోజులు పట్టిందీ దీనికే.

ఐదు, నిద్ర. ఆ వయసు పిల్ల రోజుకు దాదాపు పద్దెనిమిది గంటలు నిద్రపోతుంది. మేము నలుగురం వంతులవారీగా ఆడిస్తూ దాన్ని పడుకోనివ్వలేదు. నిద్ర చాలని పసిపిల్లలు పేచీ పెట్టినట్టే గవ్వ సాయంత్రమయ్యేసరికి పిచ్చిపట్టినట్టు కొరికేది. మధ్యాహ్నం ఎవరూ కదిలించకూడదని నియమం పెట్టుకున్నాక సగం గొడవ తగ్గింది.

ఆరు, అందరిదీ ఒకటే మాట. ఇదే అన్నిటికంటే కష్టం. మాలో ముగ్గురం ఆట ఆపుతుంటే, నాలుగో మనిషి మాత్రం "ఎంత ముద్దుగా కొరుకుతుందో!" అని వేళ్ళు నోట్లో పెట్టేవాడు. ఒక చేతిని కొరకవచ్చు, ఇంకో చేతిని కొరకకూడదు అంటే దానికి ఎలా అర్థమవుతుంది? చివరకు ఆరు పద్ధతులూ ఒక కాగితం మీద రాసి వరండా గోడకు అతికించాం. కిందన అందరం సంతకాలు చేశాం.

తగ్గే ముందు పెరుగుతుంది

మేము ఒక నోటుపుస్తకంలో ప్రతి సాయంత్రం ఎన్నిసార్లు కొరికిందో గీతలు పెట్టేవాళ్ళం. మొదటి రోజు పదిహేడు. నాలుగో రోజు ఇరవై మూడు! మాకు నీరసం వచ్చింది. "ఇది మన వల్ల కాదు" అనుకున్నాం.

డాక్టరుగారు నవ్వి, "మీ ఇంట్లో స్విచ్ వేస్తే ఫ్యాను తిరగలేదనుకోండి. ఏం చేస్తారు?" అని అడిగారు. నాలుగైదుసార్లు టకటకా నొక్కుతాం. ఆ తర్వాతే వదిలేస్తాం. కుక్కపిల్లా అంతే. ఇన్నాళ్ళూ కొరికితే ఆట దొరికింది. ఇప్పుడు దొరకడం లేదు. అందుకని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో మనం లొంగిపోతే, "గట్టిగా కొరికితే పని జరుగుతుంది" అని నేర్చుకుంటుంది. నిలబడితే మానేస్తుంది. మేము నిలబడ్డాం. మూడో వారం చివరికి రోజుకు రెండు గీతలు. అవి కూడా నోటితో పట్టినట్టే ఉండి, పళ్ళు దిగేవి కావు.

ఫెరెట్లకైనా ఇదే పాఠం

యూరప్, అమెరికాల్లో ఫెరెట్ అనే సన్నని పొడవాటి జంతువును ఇళ్ళలో పెంచుకుంటారు. చూడటానికి మన ముంగిసలా ఉన్నా దాని కుటుంబం వేరు. కుందేళ్ళ వేటకోసం మనుషులు దాన్ని రెండు వేల ఏళ్ళకు పైగా మచ్చిక చేస్తూ వచ్చారు. దాని పిల్లలు ఆటలో ఒకదాని మెడ ఒకటి గట్టిగా కొరుక్కుంటాయి. మెడ మీది తోలు మందం కనుక వాటికి నొప్పి తెలియదు. మన చేతుల చర్మం పలచనని వాటికి ఎవరో ఒకరు నేర్పాలి. అక్కడి పెంపకందారులు చేసేదీ ఇదే. కొట్టకుండా ఆట ఆపడం, బొమ్మ ఇవ్వడం, మెత్తగా ఉన్నప్పుడు మెచ్చుకోవడం.

దీవుల్లో ఉండే మనకు ఫెరెట్ కథలో ఇంకో పాఠం ఉంది. కుందేళ్ళను అదుపు చేయాలని 1880లలో న్యూజీలాండ్‌కు ఫెరెట్లను తెస్తే, అవి అక్కడి ఎగరలేని పక్షుల మీద పడ్డాయి. చివరకు 2002లో వాటి అమ్మకాన్ని, పెంపకాన్ని ఆ దేశం నిషేధించింది. హవాయి దీవుల్లోనూ ఫెరెట్లకు అనుమతి లేదు. ముద్దుగా ఉందని ఏ జంతువును పడితే ఆ జంతువును దీవికి తేకూడదు.

సముద్రం దాటితే మారే నియమం

ఇది బదిలీల మీద తిరిగే మనలాంటి పిల్లలు తప్పక తెలుసుకోవాలి. రేబీస్ మన దేశంలో దాదాపు అంతటా ఉంది. అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవుల్లో మాత్రం లేదు. చుట్టూ ఉన్న సముద్రమే మనకు కంచె. అందువల్ల ఇక్కడ పెరిగిన పిల్లలకు వీధికుక్క గీరినా పెద్దగా భయం ఉండదు. ఆ ధైర్యాన్ని మాత్రం ఓడ ఎక్కేటప్పుడు ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. లక్షణాలు రాకముందే టీకా వేయించుకుంటే మాత్రం పూర్తిగా తప్పించుకోవచ్చు. 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఈ టీకా ఇచ్చింది కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికే. ఆయన మరణించిన సెప్టెంబరు 28ని ఇప్పుడు ప్రపంచ రేబీస్ దినంగా పాటిస్తున్నారు.

కాబట్టి ఎక్కడున్నా, ఏ జంతువు కరిచినా, గీరినా ఇలా చేయండి. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, కిరోసిన్ వంటివి ఏవీ పూయకూడదు. తిడతారని దాచకుండా ఇంట్లో చెప్పాలి. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంజక్షన్లు కావాలో వద్దో చెప్పవలసింది డాక్టరే, మనం కాదు. పెంచుకునే కుక్కపిల్లకు మూడో నెల నిండగానే పశువైద్యుణ్ణి అడిగి రేబీస్ టీకా వేయించాలి.

గవ్వ ఇప్పుడు

మార్చిలో మాలో ఇద్దరి నాన్నలకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. మాకు సామాను సర్దుకోవడం, స్నేహితుల్ని వదులుకోవడం కొత్త కాదు. కానీ గవ్వను ఏం చేయాలి? మిగిలిన ఇద్దరూ ఏడాదిలో వెళ్ళిపోయేవాళ్ళే. ఎవరికైనా ఇద్దామంటే, కరిచే కుక్కను ఎవరు తీసుకుంటారు? మొక్కై వంగనిది మానై వంగదని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. ఈ మూడు నెలలూ మేము కష్టపడకపోయి ఉంటే గవ్వ మళ్ళీ ఆ పడవ కిందికే వెళ్ళేది.

మేము వెళ్ళి మామ్మనే అడిగాం. ఆవిడ ఒప్పుకోలేదు, కాదనలేదు. ఇంట్లో రెండేళ్ళ మనవడున్నాడు. "ముందు నా సేతిలో తిననీ" అని అరచేతిలో చేప ముక్క పెట్టి కింద కూర్చుంది. గవ్వ ముక్కను పెదవులతో అందుకుంది. అప్పుడు పాదం పట్టుకుంది, చెవి పట్టుకుంది, నోరు తెరిచి చూసింది. గవ్వ ఊరుకుంది. చివరకు మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చెయ్యి తన చేతిలో పట్టుకుని దాని వీపు మీద రాయించింది. గవ్వ వాడి వేళ్ళు నాకింది.

"నోరు మెత్తబడ్డాది. ఉండనీ" అంది మామ్మ.

చిన్నపిల్లల్నీ కుక్కనీ ఎప్పుడూ ఒంటరిగా వదలకూడదని డాక్టరుగారు చెప్పిన మాట ఆవిడకు చెప్పాం. "నాకు తెలీదేటి!" అని కసిరింది. గోడకు అతికించిన కాగితం మాత్రం అడిగి తీసుకుంది. ఇప్పుడది వాళ్ళ తలుపు వెనక ఉంది.

ఈ వ్యాసం మీరు చదివేసరికి మాలో ఇద్దరం ఇక్కడ ఉండం. కొత్త ఊళ్ళోనూ ఏదో ఒక కుక్కపిల్ల మా వెంట పడకపోదు. ముందు దానికి టీకా వేశారో లేదో కనుక్కుంటాం. ఆ తర్వాతే చెయ్యి చాపుతాం.