జోడేఘాట్‌కు బండ్ల మీద పోతున్నరా? ఆఖరి బండిని చూసి తొవ్వ గీసుకోండ్రి

దసరా అయిన ఐదో నాడు ఆశ్వయుజ పున్నమి. కుమ్రం భీం వర్ధంతి ఆనాడే. తారీఖును బట్టి కాదు, తిథిని బట్టి చేస్తరు కాబట్టి ఏడాదికో తారీఖున పడ్తది. పండుగకు ఊరికొచ్చిన పోరగాండ్లు జమ్మి పెట్టుకొని, అలయ్ బలయ్ తీసుకొని, మళ్ల పట్నం నౌకర్లకు పోయే ముందు ఓ నాలుగు రోజులు చేతుల ఉంటయి. అగో, గప్పుడే ఎవడో ఒకడు అంటడు: "అన్నా, ఈసారి జోడేఘాట్‌కు బండ్ల మీద పోదామా?"

పోవాలె. అమరుల ఊర్లు కండ్లతోని చూడాలె. కాకపోతే ముందుగాల ఓ లెక్క చెప్పుకుందాం. 2022ల మన దేశంల రోడ్ల మీద సచ్చిపోయినోళ్లు 1,68,491 మంది. అండ్ల 74,897 మంది రెండు చక్రాల బండ్ల మీదోళ్లే. హెల్మెట్ పెట్టుకోక పోయిన పాణాలు 50,029. ఇది కేంద్ర రోడ్డు రవాణా శాఖ అచ్చేసిన లెక్క. సచ్చిపోయినోళ్లను యాది చేసుకుంటందుకు పోయి, ఇంకొకని ఫోటోకు దండేసే పని పెట్టుకోవద్దు కదా. అందుకే ఈ ముచ్చట.

గుంపుగా బండ్ల మీద పోవుడు అనంగనే అందరి కండ్ల ముందట మొదటి బండే కనవడ్తది. జెండా కట్టిన బుల్లెట్, నల్లద్దాలు, ఎనుక కెమెరా. కానీ యాత్ర నడిచేది ఆఖరి బండి మీద. పదేండ్ల కిందటి వంద సీసీ బండి, ఎనుక ఒక దోస్తు, ఒళ్లె బ్యాగు. అది ఎంత స్పీడుల ఆగమాగం కాకుండ పోగలుగుతదో, అదే మొత్తం గుంపు స్పీడు. మీరు గీసే తొవ్వ, పెట్టే టైము, ఆగే జాగలు అన్నీ ఆ బండిని చూసే లెక్కెయ్యాలె. ఇది ఒప్పుకోనోడు ఒక్కడే పోవుడు మంచిది.

ఇగ తొవ్వ. సీదా ఆసిఫాబాద్ పోయి దండం పెట్టి వస్తే రెండు రోజుల ముచ్చట. నాలుగైదు రోజులుంటే మాత్రం నేను జనగామ కాన్నుంచి మొదలువెట్టుమంట. జనగామకు ఒక దిక్కు కడవెండి, ఇంకో దిక్కు బైరాన్‌పల్లి. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటా తగిలి పడిపోయింది కడవెండిల. సాయుధ పోరాటానికి అగ్గి అక్కడ రాజుకున్నది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు కలిసి బైరాన్‌పల్లి మీద పడి ఊరోళ్లను కాల్చి సంపిన్రు. అప్పుడు ఊరోళ్లు ఎక్కి కొట్లాడిన బురుజు ఇంకా ఉన్నది. ఆ బురుజు కాడ పది నిమిషాలు సెల్ఫీ కొట్టి ఎల్లిపోతే ఏం లాభం? ఊరి అరుగు మీద ఒక గంట కూసోండ్రి. పెద్దమనుషులను అడుగుండ్రి. తాతల కాడ ఇన్న ముచ్చట్లు చెప్పేటోళ్లు ఇంకా ఉన్నరు, ఇంకో పదేండ్లకు ఉంటరో లేదో. మొదటి రోజు ఈ రెండు ఊర్లు చూసుకొని హనుమకొండల పంటే సాలు. ఎక్కువ పోదామని ఆశపడద్దు.

రెండో నాడు పొద్దుగాల్నే పరకాల. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేస్తందుకు జమైన జనం మీద కాల్పులు జరిగింది అక్కడ. అమరధామం ఉన్నది, చూడాలె. అక్కడికెళ్లి మంచిర్యాలకు రెండు తొవ్వలున్నయి. భూపాలపల్లి, కాటారం, మంథని మీంగ పోతే అడవి, పచ్చదనం, ఫోటోలకు మస్తు ఉంటది. కానీ బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు వరుస కట్టి వస్తయి. పది బండ్ల గుంపు ఆ లారీల నడిమిట్ల పడితే సగం ఇటు, సగం అటు తెగుతది. అందుకే పెద్దపల్లి మీంగ పోవుడే నాకు నచ్చుతది. అందం తక్కువ, పైలం ఎక్కువ. మంచిర్యాలల రాత్రి. మూడో నాడు ఆసిఫాబాద్ దాకా దగ్గరి పయనమే. ఆ నాడు కావాల్నని తక్కువ పెట్టుకోవాలె. పొద్దుమీకి బండ్లు చూసుకోవాలె, చెయినుకు నూనె పెట్టాలె, కంటినిండ నిద్రపోవాలె. ఎందుకంటే తెల్లారితే కెరమెరి, జోడేఘాట్ గుట్టలు.

గుట్టలల్ల మనోళ్లు చేసే ఒక పని ఉన్నది, పెట్రోల్ మిగుల్తదని దిగుడుల ఇంజన్ బందు చేసి జార్చుడు. అది సావుకు పిలుపే. ఇంజన్ బందైతే దాని పట్టు పోతది, మొత్తం బరువు బ్రేకుల మీద పడ్తది, బ్రేకులు వేడెక్కి పట్టయి. ఏ గేరుల ఎక్కినమో అదే గేరుల దిగాలె. ఎనుక మనిషి, బ్యాగు ఉంటే ఇంకా నిమ్మలంగ.

గుంపుల నడిపే తీరు కూడా జర నేర్చుకోవాలె. పదిహేను బండ్లుంటే ఒక్క గుంపు చెయ్యద్దు, ఐదారు బండ్లకొక గుంపు చెయ్యాలె. గుంపుకు గుంపుకు నడుమ కారు, బస్సు దూరి పోయేంత జాగుండాలె. పక్కపక్కన ముచ్చట పెట్టుకుంట నడుపుడు బంద్. మన దిక్కు సగం రోడ్డులనే ఒక బండి కుడి పక్కకు, దాని ఎనుకది ఎడమ పక్కకు, మళ్లొకటి కుడికి. గిట్ల పోతే ముందటోడు బ్రేకేస్తే తప్పుకునే జాగుంటది. మలుపులల్ల, గతుకులల్ల మాత్రం ఒకని ఎనుక ఒకడే. దూరం ఎంత? మీ ముందు సీదాల ఉన్న బండి ఒక కరెంటు స్తంభం దాటంగనే నిమ్మలంగ "కుమ్రం భీం, కుమ్రం భీం" అనుకోండ్రి. ఆ రెండు సార్లు అనేలోపే మీరు స్తంభం దాటిన్రంటే మరీ దగ్గరున్నట్టు. వాన పడితే నాలుగు సార్లు అనుకోవాలె.

తొవ్వ తప్పుడుకు మందు ఇది. ఎక్కడ మలుపు తిరగాలెనో అక్కడ ముందు బండి ఎనుకున్న రెండో బండి పక్కకు ఆగుతది. మిగిలినోళ్లకు చెయ్యి చూపిస్తది. ఆఖరి బండి కనవడే దాకా కదలది. కనవడంగనే దాని ముందట కలుస్తది. అట్లనే తర్వాతి మలుపు కాడ ఇంకో బండి. ఫోన్లు అక్కరలేదు, సిగ్నల్ అక్కరలేదు. ఆసిఫాబాద్ దాటి అడవిల పడ్డంక ఫోన్‌ను నమ్ముకుంటే మునిగినట్టే. ముందు బండి ఎవలన్నా నడపొచ్చు గానీ ఆఖరి బండి మాత్రం మీల అందరికంటే ఓపిక ఉన్నోనికి ఇయ్యాలె. రిపేరు తెలిసినోడైతే ఇంకా మంచిది. క్లచ్ వైరు, ప్లగ్గు, ట్యూబు, గాలి పంపు, మందుల డబ్బా ఆ బండి మీదనే. ఎనుకబడ్డోని కాడికి ముందటోడు రాడు, ఎనుక వచ్చేటోడే వస్తడు.

పెట్రోల్ అందరూ ఒక్క కాడనే నింపాలె. నూరు రూపాలది పోసుకొని జోడేఘాట్‌కు బయలెల్లే రకం ప్రతి ఊర్ల ఒకడుంటడు. వాని టాంకీ మీ ముందట నింపిచ్చుండ్రి. గంటకోసారి ఆగాలె. చాయ్ కోసం కాదు, నడుము కోసం.

ఇది మక్కల కాలం. ఊరి రోడ్ల మీద సగం దాకా మక్కలు ఆరబోస్తరు. రాత్రయితే కుప్ప మీద నల్ల కవరు కప్పి చుట్టు రాళ్లు పెడ్తరు. చీకట్ల ఆ కుప్ప కనవడది, రాయి అసలే కనవడది. రైతును తిట్టుడు అలక, కల్లం లేనోడు యాడ ఆరబోసుకోవాలె? కాబట్టి దీనికి ఒక్కటే ఉపాయం, పొద్దుగూకినంక బండి నడపద్దు. సాయంత్రం ఐదున్నరకు ఎక్కడుంటే అక్కడ్నే ఆగుడు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం గండాలు తప్పుతయి. పత్తి ట్రాక్టర్లకు ఎనుక లైట్లుండయి, బర్లు రోడ్డు మీదనే పంటయి.

మందు సంగతి చెప్పక తప్పదు. దసరా అయిన రెండో నాడు బయలెల్లుడంటే కొందరికి పండుగ ఇంకా దిగదు. రాత్రి ఎక్కువ తాగినోనికి తెల్లారి కూడా ఒంట్ల ఉంటది, వానికి ఎరుక ఉండది. యాత్ర అయ్యేదాకా తాగద్దని ముందే మాట తీసుకోండ్రి. మాట ఇయ్యనోడు బస్సుకు రావచ్చు, ఆసిఫాబాద్‌కు బస్సున్నది.

లైసెన్స్ లేనోడు, పద్దెనిమిది నిండనోడు బండి ముట్టద్దు. పిలగాడు నడిపి దొరికితే కేసు తండ్రి మీద, బండి ఓనరు మీద పడ్తది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కాడ కూడా తిప్పలే. హెల్మెట్ నడిపేటోనికే కాదు, ఎనుక కూసున్నోనికి కూడా ఉండాలె, చట్టం కూడా అదే అంటది. మన పోరగాండ్లు ముందటోనికి హెల్మెట్ పెట్టి ఎనుక చెల్లెను ఉత్త తలతోని కూసోబెడ్తరు. ఇదేం పద్ధతి? అసలు చెల్లెండ్లు కూడా బండి నడుపుతరు, వాళ్లను ఎనుక సీటుకే ఎందుకు అనుకోవాలె?

ఏమన్న అయితే 108. ఇంకో రెండు సంగతులు అందరికీ తెల్వాలె. దెబ్బ తాకినోన్ని దవాఖానకు తీస్కపోయినోళ్ల మీద కేసు గీసు ఉండది, పేరు చెప్పుమని బలవంతపెట్టద్దని మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్‌ల రాసి ఉన్నది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదాల గాయపడ్డోళ్లకు, స్కీముల ఉన్న దవాఖానల్ల, ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల దాకా పైసలు అడగకుండ వైద్యం చెయ్యాలె. ప్రతి ఒక్కని జేబుల ఒక కాగితం పెట్టండ్రి. పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు. ఫోన్‌కు లాక్ ఉంటది, కాగితానికి ఉండది.

ఇగ జోడేఘాట్. త్రిబుల్ ఆర్ సినిమాల భీం మోటారు బండి నడిపిండు. అది సినిమా కథ. అసలు భీం పన్నెండు ఊర్ల గోండు, కోలాం జనాన్ని కూడగట్టి జల్, జంగల్, జమీన్ మాదే అని నిజాం మీద కొట్లాడి, 1940ల ఈ గుట్టలల్లనే పాణం ఇచ్చిండు. ఆ పున్నమి నాడు వేల మంది ఆదివాసులు వస్తరు. ముందుగాల వాళ్ల తీరుల పూజ అయితది. అది వాళ్ల ఇంటి కార్యం, మనం సుట్టాలం. ఊరికి ఇంకా దూరం ఉండంగనే హారన్లు, సైలెన్సర్ల మోత బంద్ చెయ్యాలె. బండ్లు దూరం పెట్టి నడిచి పోవాలె. పూజ చేసేటోళ్ల మొఖం మీద ఫోన్ పెట్టద్దు, అడిగి తియ్యాలె. ఫ్లెక్సీ కొట్టియ్యాలెనని ఉబలాటం ఉంటే భీం బొమ్మ కంటే మీ బొమ్మలు పెద్దగ లేకుండ చూసుకోండ్రి. ఆనాడు మంత్రులు, కలెక్టర్లు వస్తే దర్బారు పెడ్తరు, తొవ్వ ఇరుకైతది. కాబట్టి పొద్దుగాల్నే చేరాలె. ముందురోజే ఆసిఫాబాద్ పోలీసోళ్లకు ఎంతమందిమి, ఎన్ని బండ్లు అని చెప్పి పెడితే అక్కడ ఆపుడు, అడుగుడు ఉండది.

వాపసుకు జైనూర్, ఉట్నూర్ మీంగ రావాలె. జైనూర్ దిక్కే మార్లవాయి ఉన్నది. భీం పోయినంక గోండుల బతుకు చూడమని నిజాం సర్కారు పంపిన హైమన్‌డార్ఫ్ ఉన్న ఊరు, ఆయన భార్య బెట్టీ సమాధి అక్కడ్నే. తర్వాత ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం మీటింగ్‌కు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్చిన్రు. సర్కారు చెప్పిన లెక్క పదమూడు. అక్కడి జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. స్తూపం కాడ ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకొని ఆలోచన చెయ్యుండ్రి. ఆ రాత్రి నిర్మల్‌ల ఆగాలె. జోడేఘాట్ నుంచి ఒక్క దమ్ముల ఇంటికి పోదామని అనేటోడు తప్పక ఉంటడు. అందరికంటే బీరాలకు పోయే రోజు ఇదే, ఒళ్లు అలిసేదీ ఇదే. నిర్మల్ కాడ నాలుగు లైన్ల రోడ్డు దొరుకుతది, దాని మీద నిద్ర కూడా వస్తది.

పైసలు ఒక్కని కాడనే జమ చెయ్యాలె. రాత్రి రాత్రికి లెక్క గ్రూపుల పెట్టాలె. అందరూ ఇండ్లకు చేరినంక ఆఖరి బండోడు "నేను కూడా చేరిన" అని మెసేజ్ పెట్టే దాకా యాత్ర అయిపోనట్టే. మిగిలిన పైసలతోని దావత్ చేసుకుంటరో, కడవెండి బడికి పుస్తకాలు కొంటరో, గది మీరు కూసొని తేల్చుకోండ్రి.