కిల్డేర్ స్ట్రీట్‌లో తాతముత్తాతల చిట్టా

డబ్లిన్‌లో ఐర్లండ్ పార్లమెంటు భవనం పక్కనే, కిల్డేర్ స్ట్రీట్‌లో నేషనల్ లైబ్రరీ ఉంది. 1890లో తెరిచిన ఈ భవనంలో పెద్ద గుమ్మటం కింద పఠన మందిరం విశాలంగా ఉంటుంది. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’లో ఒక అధ్యాయం ఈ లైబ్రరీలోనే నడుస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి ఎంతోమందిని ఇక్కడికి రప్పించేది మాత్రం తాతముత్తాతల ఊసు.

1845లో మొదలైన మహా కరవులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. మరో పది లక్షలమంది దేశం విడిచారు. వాళ్ల మునిమనవలకు జనాభా లెక్కలు దిక్కవ్వాలి. కానీ 1861 నుంచి 1891 దాకా జరిగిన నాలుగు లెక్కల పత్రాలనూ ప్రభుత్వమే నాశనం చేసింది. అంతకు ముందువి 1922 జూన్‌లో, అంతర్యుద్ధం రేగినప్పుడు, పబ్లిక్ రికార్డ్ ఆఫీసుతో పాటు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లండ్ జ్ఞానస్నానాల, పెళ్లిళ్ల రిజిస్టర్లు సగానికి పైగా ఆ మంటల్లోనే పోయాయి. కేథలిక్ రిజిస్టర్లను సర్కారు తన రికార్డులుగా ఎంచలేదు. ఏ విచారణవి (అంటే చర్చి పారిష్‌వి) ఆ విచారణలోనే, చర్చి గురువుల దగ్గర ఉండిపోయాయి. అందుకే బతికాయి.

1950ల నుంచి లైబ్రరీ వాళ్లు వాటిని మైక్రోఫిల్ముకు ఎక్కించారు. 1,086 విచారణలకు చెందిన 3,70,000కు పైగా పుటల బొమ్మలను 2015 జులైలో ఇంటర్నెట్‌లో పెట్టారు. వెక్స్‌ఫర్డ్ పట్టణం పుస్తకం 1671 నాటిది. కానీ కేథలిక్కులను అణిచివేసిన చట్టాల కాలంలో పల్లెజనం కొండబండల దగ్గర పూజ వినేవారు. అక్కడ రిజిస్టరు ఎవరు రాస్తారు? పడమటి పేద పల్లెల్లో చాలాచోట్ల 1820ల తర్వాతే రాత మొదలైంది.

ఒక్క జ్ఞానస్నానం పద్దు చూడండి. తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, అదృష్టం ఉంటే పల్లె పేరు. అన్నీ ఒకే వరుసలో, చాలాచోట్ల లాటిన్‌లో. జేమ్స్ అక్కడ జకోబుస్ అవుతాడు. తల్లి పుట్టింటి పేరు దొరకడమంటే ఇంకో వంశానికి దారి దొరికినట్టే. జ్ఞాన తల్లిదండ్రులు తరచూ మేనమామో, పిన్నో అయ్యేవారు. పెళ్లి సాధారణంగా వధువు విచారణలో జరిగేది కాబట్టి ఆ పద్దును అక్కడే వెతకాలి.

చిక్కల్లా ఒక్కటే. లైబ్రరీ సైట్‌లో మనిషి పేరు కొట్టి వెతికే వీలు లేదు. విచారణ తెలిస్తేనే పుస్తకం తెరుచుకుంటుంది. దేశంలో టౌన్‌ల్యాండ్ అనే చిన్న పల్లె విభాగాలు 60,000కు పైగా ఉన్నాయి. 1847–64 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు, కుటుంబం ఏ టౌన్‌ల్యాండ్‌లో ఉండేదో చెబుతుంది. కానీ అందులోని పారిష్ సర్కారు లెక్కది, కేథలిక్ విచారణ హద్దులు వేరు. ఈ రెండింటినీ కలపడానికి 1837లో శామ్యూల్ లూయిస్ వేసిన స్థలకోశం ఇప్పటికీ సాటిలేని సాయం. ఆ విచారణ పుస్తకంలో పద్దు దొరక్కపోతే పొరుగు విచారణ పుస్తకం తిప్పండి. జనం పెరిగేకొద్దీ విచారణలు చీలాయి.

లైబ్రరీ ప్రవేశం, రిజిస్టర్ల సైట్ రెండూ ఉచితమే. ట్రినిటీ కాలేజీ నుంచి నడిచి వెళ్లొచ్చు. బయల్దేరే ముందు ఇంట్లోని పాత ఉత్తరాలు, వలస వెళ్లిన ఊళ్లోని చర్చి పెళ్లి పద్దు, సమాధిరాయి చూసి పల్లె పేరు రాసుకోండి. వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టాలి.