గాజుతొట్టిలో క్లౌన్ చేప సంసారం

నారింజ రంగు ఒళ్లు, దానిమీద మూడు తెల్లని పట్టీలు, పట్టీల అంచున నల్లని గీతలు. ఈ చేపను చూడగానే మీలో చాలామంది "నీమో!" అంటారు. 2003లో వచ్చిన బొమ్మల చలనచిత్రం దానికి ఆ పేరు తెచ్చిపెట్టింది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్. సర్కస్‌లో బఫూన్ వేసే రంగుల వేషంలా ఉంటుంది గనుక దీన్ని క్లౌన్ చేప అన్నారు. ఈ కుటుంబంలో సుమారు 30 జాతులున్నాయి. హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రాలే వీటి నివాసం. అట్లాంటిక్ సముద్రంలో ఇవి లేవు. మన దేశంలో అండమాన్ దీవులు, లక్షద్వీపాలు, తమిళనాడు దగ్గరి మన్నార్ సింధుశాఖలలో కొన్ని జాతులు కనిపిస్తాయి.

ఇంట్లో గాజుతొట్టిలో పెంచితే ఈ చేప గుడ్లు పెడుతుందా? పెడుతుంది. అది అంత కష్టం కాదు. గుడ్లలోంచి పిల్లలు బయటికి రావడమూ కష్టం కాదు. వచ్చిన పిల్లలు మొదటి పదిరోజులు బ్రతకడమే కష్టం. ఒక్క రాత్రి వందల పిల్లలు పుట్టి, నాలుగోరోజుకు ఒక్కటీ మిగలకపోవచ్చు. ఎందుకట్లా జరుగుతుంది? దీనికి జవాబు తెలుసుకుంటే చేప సంగతే కాదు, సముద్రం సంగతి కూడా కొంత తెలుస్తుంది.

విషపు చేతుల మధ్య కాపురం

సముద్రంలో క్లౌన్ చేప ఒంటరిగా తిరగదు. సముద్ర ఎనిమోన్ అనే జంతువు చేతుల మధ్య కాపురముంటుంది. ఎనిమోన్ చూడడానికి పువ్వులా ఉన్నా, దాని చేతులనిండా దంశకణాలుంటాయి. తగిలిన చిన్న చేపను అవి కుట్టి చంపుతాయి. క్లౌన్ చేపను మాత్రం ఏమీ చేయవు. దాని ఒంటిమీద ఉన్న జిగురుపొరే దానికి రక్ష. చేపకు దొరికేది శత్రువులు రాలేని ఇల్లు. మరి ఎనిమోన్‌కు దక్కేదేమిటి? తనను కొరికి తినే చేపలను క్లౌన్ చేప తరిమివేస్తుంది. అది విసర్జించే నత్రజని పదార్థాలు ఎనిమోన్ ఒంటిలో ఉండే శైవలాలకు ఎరువుగా పనికివస్తాయి. మీరు పాఠంలో చదువుకున్న సహజీవనానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

గాజుతొట్టిలో వేటాడే పెద్ద చేప లేదు. కాబట్టి అక్కడ ఎనిమోన్ లేకపోయినా క్లౌన్ చేప బ్రతుకుతుంది, గుడ్లు పెడుతుంది. పైగా ఎనిమోన్‌ను తొట్టిలో బ్రతికించడం చేపను బ్రతికించడం కంటె కష్టం. దాన్ని సముద్రంలోనే ఉండనివ్వడం మంచిది.

తండ్రి తల్లిగా మారే కుటుంబం

తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: "మాస్టారూ, కొనేటప్పుడు ఏది ఆడో ఏది మగో ఎట్లా తెలుస్తుంది?" తెలుసుకోనక్కరలేదు! క్లౌన్ చేపల్లో ప్రతి పిల్లా మొదట ఆడదీ కాదు, పూర్తిగా మగదీ కాదు. ఒక ఎనిమోన్‌లో నాలుగైదు చేపలుంటే, అన్నిటికంటె పెద్దది ఆడచేప. దాని తర్వాతిది మగచేప. మిగిలినవి గుడ్లు పెట్టని చిన్నవి. ఆడచేప చనిపోతే మగచేప కొన్నివారాల నుంచి కొన్నినెలలలో ఆడచేపగా మారిపోతుంది. చిన్నవాటిలో పెద్దది మగచేప స్థానానికి ఎదుగుతుంది. ఈ మార్పుకు కారణం పెద్దచేప చెలాయించే పెత్తనమేనని హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె 1977లో నేచర్ పత్రికలో వివరించారు. అంటే సినిమాలో నీమో తల్లి చనిపోయాక, నిజానికి తండ్రి ఆడచేపగా మారవలసింది!

అందువల్ల ఒకే జాతికి చెందిన రెండు చిన్న చేపలను, ఒకటి కాస్త పెద్దది ఒకటి కాస్త చిన్నది చూసి తెస్తే చాలు. వాటిలో పెద్దది ఆడదిగా, చిన్నది మగదిగా ఎదుగుతాయి. ఇందుకు ఒక ఏడాది, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ కాలం పట్టవచ్చు. ఓపిక కావాలి.

నీరు ముందు, చేప తర్వాత

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 100 లీటర్ల తొట్టికి మూడున్నర కిలోలన్నమాట. వంటింటి ఉప్పు పోస్తే సరిపోదా? సరిపోదు. సముద్ర లవణాలలో 100 పాళ్లకు సుమారు 85 పాళ్లు సోడియం, క్లోరైడులే. మిగిలిన 15 పాళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు వంటివున్నాయి. అవి లేకుండా సముద్ర జీవి బ్రతకదు. అందుకే అక్వేరియం దుకాణాలలో అన్నీ కలిపిన ప్రత్యేక లవణ మిశ్రమం అమ్ముతారు. దాన్ని క్లోరిన్ లేని నీటిలో కరిగించాలి. ఉష్ణోగ్రత 26 నుంచి 28 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నిలకడగా ఉండాలి.

నీరు తయారైన రోజే చేపను వదలకూడదు. చేప విసర్జించే అమోనియా దానికే విషం. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రైట్‌ను అంత హానిలేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా తొట్టిలోని రాళ్లమీద, వడపోత పరికరంలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కంటికి కనిపించని ఈ పనివాళ్లు కుదురుకున్న తర్వాతే చేపకు ఆ ఇల్లు ఇల్లవుతుంది.

గుడ్లకు తండ్రి కావలి

జత కుదిరిన తర్వాత తొట్టిలో ఒక నున్నని పెంకు పలకనో, మట్టి కుండీనో పక్కకు వాల్చి ఉంచుతారు. గుడ్లు పెట్టే ముందు రెండు చేపలూ ఆ చోటును నోటితో గీరి శుభ్రం చేస్తాయి. ఆడచేప వరుసలుగా గుడ్లు అంటించుకుంటూ పోతుంది. మగచేప వెనుకనే వెళ్లి వాటిని ఫలదీకరణం చేస్తుంది. ఒక్కొక్క కాన్పులో వంద నుంచి వెయ్యి వరకు గుడ్లుండవచ్చు. గుడ్డు పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. మొదట నారింజ రంగు. తర్వాత రంగు ముదురుతుంది. చివరి రెండుమూడు రోజులలో గుడ్డులోంచి వెండిలా మెరిసే కళ్లు కనిపిస్తాయి.

ఈ రోజులన్నీ ఎక్కువ పని మగచేపదే. రెక్కలతో విసురుతూ గుడ్లకు ప్రాణవాయువు అందేట్టు చూస్తుంది. చెడిపోయిన గుడ్లను ఏరి తినేస్తుంది. లేకపోతే వాటికి పట్టిన బూజు మంచి గుడ్లకు పాకుతుంది. సుమారు ఏడెనిమిది రోజులకు, చీకటిపడిన గంట రెండు గంటలలో గుడ్లు పగులుతాయి. రాత్రే ఎందుకు? పగలైతే పగడపు దిబ్బ చుట్టూ తిరిగే చేపలు ఈ పిల్లలను ఒక్కటీ వదలకుండా తింటాయి. చీకటి వాటికి తొలి రక్షణ.

తొట్టిలో ఈ పిల్లలను తల్లిదండ్రులే మింగే ప్రమాదముంది. అందుకని పిల్లలు పుట్టవలసిన సాయంత్రం గుడ్లున్న పలకను అదే నీరు పోసిన వేరే తొట్టిలోకి మారుస్తారు. తండ్రి రెక్కల బదులు గాలిబుడగలు గుడ్లకు విసురుతాయి.

పాలు లేవు, గింజలు లేవు

ఇక అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. మీలో కొందరు గప్పీ చేపలను పెంచి ఉంటారు. గప్పీ పిల్ల పుట్టగానే పొడిచేసిన మేత తింటుంది. క్లౌన్ చేప పిల్ల అట్లా కాదు. పుట్టినప్పుడు దాని పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. చూడడానికి చేపలా ఉండదు, కళ్లున్న దారపు ముక్కలా ఉంటుంది. దీన్ని డింభకం అంటాం. దానివెంట తెచ్చుకున్న సొన ఒక రోజుకు మించి రాదు. ఆ తర్వాత మేత కావాలి. ఆ మేత దాని నోట్లో పట్టేంత చిన్నదిగా ఉండాలి, కదులుతూ ఉండాలి. కదలనిదాన్ని అది మేతగా గుర్తించదు.

సముద్రంలో దానికి ప్లవకాలు దొరుకుతాయి. ఇంట్లో? దీనికి జవాబు ఒక బెడద నుంచి దొరికింది. జపానులో ఈల్ చేపల చెరువులను బ్రాఖియోనస్ అనే సూక్ష్మజీవి పట్టి పీడించేది. అది రోటిఫర్ల జాతి. పొడవు మిల్లీమీటరులో పదోవంతు నుంచి మూడు పదోవంతులు. దీన్నే సముద్రపు చేపపిల్లలకు మేతగా వేయవచ్చునని 1960 ప్రాంతంలో అక్కడి శాస్త్రజ్ఞులు గ్రహించారు. ఆ బెడదే నేడు ప్రపంచమంతటా సముద్రపు చేపల హేచరీలకు ఆధారమైంది. 1970ల మొదట్లో అమెరికాలోని ఫ్లోరిడాలో మార్టిన్ మో క్లౌన్ చేపలను పెంచి అమ్మకానికి తెచ్చాడు.

రోటిఫర్లకు మేత ఏమిటి? నానోక్లోరాప్సిస్ వంటి పచ్చని శైవలాలు. ఈస్టు వేసి కూడా రోటిఫర్లను పెంచవచ్చు. కాని ఈస్టుమీదనే పెరిగిన రోటిఫర్లను తిన్న చేపపిల్లలు కడుపునిండినా చచ్చిపోతాయి! కారణమేమిటంటే, సముద్రపు చేపపిల్లకు కొన్ని ప్రత్యేకమైన కొవ్వు ఆమ్లాలు తప్పనిసరి. వాటిని అది తనంత తాను తగినంత తయారుచేసుకోలేదు. సముద్ర శైవలాల నుంచి రోటిఫర్ ద్వారానే అవి అందాలి. సూర్యకాంతి, శైవలం, రోటిఫర్, చేపపిల్ల. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా చివరిది నిలవదు.

చిన్న లెక్క

20 లీటర్ల పిల్లల తొట్టిలో ప్రతి మిల్లీలీటరుకు 5 రోటిఫర్లుండాలనుకుందాం. మొత్తం ఎన్ని కావాలి?

20 × 1000 × 5 = 1,00,000.

లక్ష జీవులు! పిల్లలు తిన్నకొద్దీ మళ్లీ వేస్తూ ఉండాలి. పిల్లలు పుట్టిన తర్వాత రోటిఫర్ల కోసం వెతికితే ఏమవుతుందో మీరే ఊహించండి. పొలం దున్నిన తర్వాత నారు పోసే రైతు ఎవరూ ఉండడు. అట్లాగే గుడ్లు కనిపించడానికి ఎంతో ముందే పచ్చనీరు, రోటిఫర్లు సిద్ధంగా ఉండాలి. మూడోరోజుకు పిల్లలు చచ్చిపోవడానికి జబ్బుకంటె ఆకలే ఎక్కువసార్లు కారణం.

పదిరోజుల గండం

పిల్లలు కంటితో చూసి మేత పట్టుకుంటాయి. కాబట్టి పగలు వెలుతురు కావాలి. అయితే పక్కనుంచి పడే వెలుగుకు పోయి అద్దానికి కొట్టుకుంటాయి. అందుకని తొట్టి చుట్టూ నల్లకాగితం అంటించి, పైనుంచి మెత్తని వెలుగు పడనిస్తారు. గాలిబుడగలు నెమ్మదిగా రావాలి. అడుగున చేరే మలినాన్ని సన్నని గొట్టంతో రోజూ లాగి, తీసినంత కొత్త నీరు నెమ్మదిగా పోయాలి. లేదంటే అమోనియా పెరుగుతుంది.

నాలుగైదు రోజుల నుంచి రోటిఫర్లతో పాటు అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్లలను కొద్దికొద్దిగా వేస్తారు. మన కోస్తాలో రొయ్యల హేచరీ చూసినవారికి ఈ పేరు కొత్తకాదు. రొయ్యపిల్లలకు కూడా అదే మేత. ఎనిమిదోరోజు నుంచి పదిహేనో రోజులోగా రూపవిక్రియ జరుగుతుంది. పారదర్శకంగా ఉన్న ఒంటికి రంగు వస్తుంది. తల వెనుక మొదటి తెల్లపట్టీ కనిపిస్తుంది. నీటిమధ్యలో తేలుతున్న పిల్ల కిందికి దిగి, చేపలా ఈదుతుంది. గండం గడిచినట్టే.

ఇంత శ్రమ ఎందుకు?

అక్వేరియంల కోసం క్లౌన్ చేపలను చాలాకాలం సముద్రం నుంచే పట్టి తెచ్చేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల పడుతున్నారు. ఫిలిప్పీన్స్ వంటి దేశాలలో రంగుచేపలను మత్తెక్కించి పట్టడానికి 1960ల నుంచి సయనైడ్ వాడకం మొదలైంది. ఆ విషం చేపతో పోదు, పగడాలనూ చంపుతుంది. మరో ముప్పు వేడి. నీరు వేడెక్కితే పగడాలతో పాటు ఎనిమోన్లు కూడా తమలోని శైవలాలను కోల్పోయి తెల్లబడతాయి. ఫ్రెంచి పాలినీషియాలోని మూరియా దీవి దగ్గర జరిపిన పరిశీలనలో, తెల్లబడిన ఎనిమోన్లలోని క్లౌన్ చేపలు పెట్టే గుడ్లు బాగా తగ్గిపోయినట్టు తేలింది. 2024 వేసవిలో మన లక్షద్వీపాలలో కూడా పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి.

కేరళలోని విళింజం, తమిళనాడులోని మండపంలలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ చేపలను పెంచే పద్ధతులను రూపొందించింది. తొట్టిలో పుట్టిన ఒక్కొక్క చేప, సముద్రంలో పట్టవలసిన ఒక చేపకు బదులు. దీనివల్ల వేడెక్కే సముద్రం చల్లబడదు. కాని మన సరదా కోసం దిబ్బను దోచుకోవడం మాత్రం తగ్గుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి. ఈ చేప 20 ఏళ్లకు పైగా బ్రతకగలదు. అంతకాలం చూసుకోగలమనుకుంటేనే తేవాలి. తొట్టిలో పుట్టినదేనా అని అడిగి మరీ కొనాలి. విసుగెత్తిందని సముద్రంలోనో, చెరువులోనో వదలకూడదు.

మీరూ చేసి చూడండి

క్లౌన్ చేప లేకపోయినా దాని పిల్లల మేతను మీరు చూడవచ్చు. ఒక లీటరు నీటిలో 25 గ్రాముల అయోడిన్ లేని రాళ్ల ఉప్పు కరిగించి సీసాలో పోయండి. అక్వేరియం దుకాణంలో దొరికే ఆర్టీమియా గుడ్లు పావు చెంచా వేసి, గాలిబుడగలు వచ్చే గొట్టం పెట్టండి. వెలుతురున్న చోట ఉంచండి. 24 నుంచి 36 గంటలలో నారింజరంగు చుక్కలు ఈదుతూ కనిపిస్తాయి. అప్పుడు గాలి ఆపి, సీసాకు ఒకవైపు నల్లకాగితం చుట్టి పది నిమిషాలు ఆగండి. పిల్లలు ఏ వైపు చేరాయి? పైన తేలినవేమిటి? భూతద్దంతో చూసి బొమ్మ గీయండి. తర్వాత వాటిని పలుచని గుడ్డలో వడకట్టి, మంచినీటితో కడిగి, మీ గప్పీ చేపలకు వేయండి. పొడిమేతకు అవి ఎట్లా వస్తాయి, కదిలే మేతకు ఎట్లా వస్తాయి? తేడాను మీ నోటుపుస్తకంలో రాసుకోండి.