ఫైబర్ పడవ కుళ్ళదా? అపోహలు – వాస్తవాలు

సాలూరు ఘాట్ ఎక్కి సెమిలిగుడ చేరేవాళ్లకి దేవమాలి శిఖరం తెలుసు, పక్కనే సునాబెడలో విమాన ఇంజిన్ల కర్మాగారం తెలుసు. ఈ కొండల్లో పడవల గురించి మాట్లాడాల్సిన అవసరం ఏముందని అనిపించవచ్చు. కానీ ఎగువ కొలాబ్ ఆనకట్ట కట్టాక సముద్ర మట్టానికి 850 మీటర్ల ఎత్తున విశాలమైన జలాశయం ఏర్పడింది. ఆ కొలాబ్ నదే కిందికి దిగి శబరి పేరుతో గోదావరిలో కలుస్తుంది. మరోపక్క మల్కనగిరి జిల్లా బలిమెల జలాశయం అవతలి గ్రామాలకు 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరుచుకునేదాకా లాంచీలూ పడవలే దారి. నీళ్లున్నచోట పడవ ఉంటుంది, మోటారు ఉంటుంది. ఆ మోటారు బరువు, లాగుడు అంతా మోసేది పడవ వెనక నిలువుగా ఉండే బల్ల. బోటు మిస్త్రీలు దాన్ని ట్రాన్సమ్ అంటారు.

తీరంలో చెక్క నావల స్థానంలోకి ఫైబర్ పడవలు రావడం 1980లలోనే మొదలైంది. మద్రాసు కేంద్రంగా నడిచిన బంగాళాఖాత కార్యక్రమం ఇసుక ఒడ్డుకు నేరుగా లాగగలిగే ఫైబర్ పడవలను మన తీరంలో పరీక్షించింది. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏ రేవుకు వెళ్లినా అవే. పాతబడిన ఫైబర్ పడవ చౌకగా దొరుకుతుంది, లారీ మీద వేసుకుని ఘాట్ ఎక్కిస్తే జలాశయంలో ఇంకో పదేళ్లు తిప్పుకోవచ్చని ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆశలో తప్పులేదు. కొనేముందు చాలామంది ఆ వెనక బల్ల మీద ఓసారి తట్టి కూడా చూడరు. చిక్కంతా అక్కడే.

అపోహ: “ఫైబర్ కదా, కుళ్ళేదేముంది?”

ఫైబర్ కుళ్ళదన్న మాట నిజం. కానీ వెనక బల్లలో ఉన్నది ఫైబర్ ఒక్కటే కాదు. బయట ఒక ఫైబర్ పొర, లోపల ఒక ఫైబర్ పొర, మధ్యలో ప్లైవుడ్. పాత పడవల్లో అత్యధికం ఇలా చేసినవే. ఫైబర్ పొర పలచన, ఒంటరిగా వంగుతుంది. మధ్యలో దళసరి చెక్క ఉండబట్టే మోటారు బిగింపుకి నిలుస్తుంది. ఆ చెక్కలోకి నీరు చేరిందంటే పైకి తెల్లగా నున్నగా మెరుస్తూనే లోపల ముద్దవుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకంటే సరైన ఉదాహరణ దొరకదు.

నీరు చేరే దారులు వెతకడానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. మోటారు బోల్టుల రంధ్రాలు, అడుగున నీరు వదిలే ప్లగ్గు రంధ్రం, నిచ్చెనకో కొక్కేనికో కొట్టిన మరమేకులు, బల్ల పై అంచు మీద పగిలిన మూత. ఎక్కడ రంధ్రం ఉంటే అక్కడ చెక్క కోసిన ముఖం నీటికి తెరుచుకుని ఉన్నట్టే. అక్కడి నుంచి చెక్క నారల వెంట తేమ పాకుతుంది. బయటికి పోయే దారి మాత్రం ఉండదు, రెండువైపులా ఫైబర్ మూసేసింది కదా.

అపోహ: “ఉప్పునీరే పడవని తినేస్తుంది. మనది మంచినీరు, ఏమీ కాదు.”

కొలాబ్ దగ్గర ఎక్కువగా నమ్మేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఇనుముకి ఉప్పునీరు శత్రువు. చెక్కకి కథ వేరు. చెక్కను కుళ్ళబెట్టేది నీరు కాదు, శిలీంధ్రం. అది బతకాలంటే తేమ, గాలి, ఓ మోస్తరు వెచ్చదనం మూడూ కావాలి. ఉప్పు ఆ శిలీంధ్రాన్ని అణుస్తుంది. పాతకాలపు ఓడల నిర్మాతలు చెక్కల మధ్య ఉప్పు పోసింది అందుకే. సముద్రంలో చెక్కకి వేరే పీడ ఉంది, తొలిచే పురుగు. ఫైబర్ పొర దాన్ని చాలావరకు ఆపుతుంది. మిగిలేది శిలీంధ్రమే, దానికి వాననీరు అమృతం.

చెక్క బరువులో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం భయంలేదు. 30 శాతం చుట్టుపక్కలకి చేరితే కుళ్ళు మొదలవుతుంది. పూర్తిగా మునిగి గాలి అందని చెక్క నిజానికి తొందరగా కుళ్ళదు. జలాశయాల అడుగున మునిగిన చెట్ల మోళ్లు దశాబ్దాలు నిలిచేది ఇందుకే. అన్నిటికంటే చెడ్డది సగం తడి. కొరాపుట్ ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన వదలదు. ఆ నాలుగు నెలలూ ఒడ్డున, మూత లేకుండా, అడుగున నీళ్లు నిలిచిన పడవకి సరిగ్గా ఆ సగం తడే దొరుకుతుంది. తీరంలో ఉప్పునీటిలో పదేళ్లు తిరిగిన పడవ ఇక్కడికొచ్చి రెండు మూడు వర్షాకాలాల్లో మెత్తబడితే ఆశ్చర్యపోకండి.

అపోహ: “కుళ్ళితే పైకి కనిపిస్తుంది కదా.”

కనిపిస్తుంది, చూడాల్సినచోట చూస్తే. మోటారు కూర్చునే గాడి మూలల్లో వెంట్రుకంత సన్నటి పగుళ్లు. వారం రోజులు ఎండలో ఉన్నా బోల్టుల కింద ఆరని గోధుమరంగు మరక. సుత్తి పిడితో అంగుళం అంగుళం తట్టితే గట్టి చెక్క టకటకమంటుంది, కుళ్ళినచోట శబ్దం మొద్దుబారుతుంది. మోటారు కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపుతూ ఇంకొకరిని బల్ల పై అంచు మీద చూపు నిలపమనండి. అంచు కదిలితే ఇక సందేహించనక్కర్లేదు.

ఖాయంగా తెలియాలంటే లోపలివైపు నుంచి, అడుగుకు దగ్గరగా, సన్నటి డ్రిల్లుతో ఒక రంధ్రం వేసి చూడాలి. పొడిగా, లేతరంగులో రజను రాలితే బల్ల బతికే ఉంది. నల్లగా, తడిగా, పుల్లటి మట్టివాసనతో ముద్ద చుట్టుకుని వస్తే బల్ల పోయింది. అవతలి ఫైబర్ పొర దాటనీయకండి. చూశాక ఆ రంధ్రాన్ని ఎపాక్సీతో మూయడం మరవకండి, లేదంటే పరీక్షే కొత్త జబ్బవుతుంది.

అపోహ: “రంధ్రాలు చేసి రెజిన్ పోస్తే రాయిలా గట్టిపడుతుంది.”

చౌక మరమ్మతు కాబట్టి ఎక్కువమంది ఇష్టపడేది ఇది. తడిసిన చెక్క నారల నిండా నీరే ఉంటుంది, రెజిన్‌కి చోటుండదు. పోసిన రెజిన్ రంధ్రం చుట్టూ నాలుగైదు ముద్దలుగా గట్టిపడుతుంది. వాటి మధ్య కుళ్ళు తన పని తాను చేసుకుపోతుంది. బయట అల్యూమినియం రేకు వేసి బోల్టులు బిగించడం కూడా ఇలాంటిదే. మెత్తటి చెక్క మీద బోల్టు ఎంత బిగించినా రేకు లోపలికి దిగుతుంది, కొత్త రంధ్రాలు కొత్త నీటిని తెస్తాయి.

మోటారు బల్లని ఎలా లాగుతుందో ఆలోచించండి. ప్రొపెల్లర్ ఉండేది బిగింపుకి అరమీటరు కింద. థ్రాటిల్ తిప్పగానే మోటారు కాలు పడవని ముందుకు తోస్తుంది, బిగింపు పై భాగం బల్ల అంచుని వెనక్కి పెకలిస్తుంది. మోటారు తిరిగినంతసేపూ ఈ పెకలింపు ఆగదు. జలాశయం మధ్యలో ఆ బల్ల విరిగితే మోటారు నీటిలో పడుతుంది, వెనకనుంచి నీరు పడవలోకి వస్తుంది. ఆ సమయంలో పడవలో పిల్లలుంటే ఏమవుతుందో నేను వర్ణించనక్కర్లేదు.

కాబట్టి సరైన పని ఒక్కటే, కుళ్ళిన చెక్కంతా తీసి కొత్తది వేయడం. పడవని అడుగున దిమ్మలు పెట్టి సమంగా కూర్చోబెట్టాలి, లేకపోతే బల్ల తీశాక పడవ ఆకారమే మారిపోతుంది. బయటి ఫైబర్ పొరని ముట్టుకోకుండా లోపలి పొరని గ్రైండర్ బిళ్లతో కోస్తారు, చుట్టూ అయిదారు సెంటీమీటర్ల అంచు వదిలి. పొర ఊడగానే కుళ్ళిన ప్లైవుడ్ కొన్నిచోట్ల గరిటెతో తీసేంత మెత్తగా వస్తుంది, కొన్నిచోట్ల గోధుమరంగు గడులుగా పెళుసుగా విరుగుతుంది, ఇంకొన్నిచోట్ల బయటి పొరని వదలనంటుంది. ఆ గట్టి ముక్కల దగ్గరే మిస్త్రీ ఓపిక తెలిసేది. “ఇది బాగానే ఉంది, ఉంచేద్దాం” అని వదిలిన అరచేతంత ముక్కలోంచే కుళ్ళు కొత్త బల్లకి పాకుతుంది. శుభ్రమైన ఫైబర్ కనిపించేదాకా గీకి, పూర్తిగా ఆరబెట్టాలి. గ్రైండర్ పడితే గాజు దుమ్ము లేస్తుంది. మూతికి రుమాలు చాలదు, సరైన మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా కావాలి.

అపోహ: “మెరైన్ ప్లై వేశాం, ఇక జన్మలో కుళ్ళదు.”

మెరైన్ ప్లైకి మన దేశంలో ప్రమాణం ఐఎస్ 710. పొరల్ని అతికించే జిగురు గంటల తరబడి ఉడికించినా విడిపోకూడదు, చెక్కకి క్రిమినాశక మందు పట్టించాలి. మంచి సరుకే, అదే వాడండి. ఐఎస్ 303 సాధారణ ప్లై మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ముద్ర ఉన్నా పడవకు వద్దు. అయితే ఉడకబెట్టినా ఊడనిది జిగురు. చెక్క చెక్కే. తడి ఏళ్లతరబడి లోపల నిలిస్తే మెరైన్ ప్లై కూడా చివరికి లొంగుతుంది.

ఈ మధ్య ప్లైవుడ్ దుకాణాల్లో వంటింటి అరల కోసం అమ్మే పీవీసీ, డబ్ల్యూపీసీ బోర్డుల్ని “నీరంటదు” అని బల్లలో పెట్టమనే సలహా కూడా వినిపిస్తోంది. అవి నీరు పెద్దగా పీల్చవు, నిజమే. కానీ ప్లైవుడ్‌కి ఉన్న బిగువు వాటికి లేదు. మోటారు బిగింపు కింద నెమ్మదిగా నలిగి వంగిపోతాయి. పడవల కోసమే తయారయ్యే అధిక సాంద్రత ఫోమ్ బోర్డులు వేరు, వాటి ధర కూడా వేరు.

అపోహ: “మందం పెంచితే బలం పెరుగుతుంది.”

చిన్న అవుట్‌బోర్డ్ మోటార్లకి 35 నుంచి 45 మిల్లీమీటర్ల బల్ల సరిపోతుంది. రెండు 18 మిల్లీమీటర్ల ప్లైలు అతికిస్తే, ఫైబర్ పొరలతో కలిపి ఆ లెక్కకి వస్తుంది. మరీ దళసరైతే మోటారు బిగింపే పట్టకపోవచ్చు. ఎత్తు కూడా పాతదే ఉంచాలి. పొట్టి కాలు మోటారుకి 15 అంగుళాలు, పొడుగు కాలుకి 20 అంగుళాలు. పాత బల్ల తీసేముందే అట్టముక్క మీద ఆకారం గీసి దాచుకోండి.

అపోహ: “చలికి రెజిన్ ఆరకపోతే హార్డనర్ కాస్త ఎక్కువ పోయాలి.”

డిసెంబరు, జనవరిల్లో సెమిలిగుడలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది. రెజిన్ మందగిస్తుంది, చేయి హార్డనర్ సీసా మీదికి పోతుంది. ఇక్కడ రెండు రెజిన్ల తేడా తెలియాలి. పడవల వర్క్‌షాపుల్లో మామూలుగా వాడే పాలియెస్టర్ రెజిన్‌కి కిలోకి 10 నుంచి 20 మిల్లీలీటర్ల కేటలిస్ట్ సరిపోతుంది. మించితే వేడెక్కి పొగలు కక్కుతుంది, పెళుసుబారుతుంది. ఎపాక్సీకైతే ఆ వెసులుబాటే లేదు. డబ్బా మీద 10కి 1 అని ఉంటే 10కి 1, 2కి 1 అని ఉంటే 2కి 1. ఎక్కువ పోసిన హార్డనర్‌కి జోడీ దొరక్క అలాగే మిగిలిపోతుంది, అతుకు జీవితాంతం మెత్తగా ఉండిపోతుంది. చలికి మందు ఎండవేళ పని చేయడం, డబ్బాల్ని గోరువెచ్చగా ఉంచడం. ఈ పనికి ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి కాలం. వానల్లో ఎపాక్సీ మీద జిడ్డుపొర కడుతుంది, నీళ్లతో కడగకుండా మళ్లీ పొర వేస్తే అతకదు.

ఒక హెచ్చరిక, దయచేసి రెండుసార్లు చదవండి. పాలియెస్టర్ త్వరగా గట్టిపడటానికి వాడే కోబాల్ట్‌ని, కేటలిస్ట్‌ని ఎన్నడూ నేరుగా కలపకూడదు. రెండూ కలిస్తే భగ్గుమంటాయి, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్ట్. కేటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

కొత్త చెక్కని పట్టి ఉంచడంలో ఎపాక్సీదే పైచేయి, ఖర్చు ఎక్కువైనా బల్లకి అదే వాడమంటాను. ప్లై అంచులు కోసిన ముఖాల నుంచి రెజిన్‌ని నీళ్లలా పీల్చుకుంటాయి, అక్కడ రెండు మూడు పూతలు పడాలి. తరిగిన గాజు నారల మామూలు మ్యాట్‌లో ఆ నారల్ని కలిపి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. కాబట్టి ఎపాక్సీతో నేసిన లేదా కుట్టిన గుడ్డ వాడాలి.

అపోహ: “కొత్త బల్ల పడింది, పని అయిపోయింది.”

నా దృష్టిలో ఇది సగం పనే. పాత బల్ల చెడింది చెక్క నాసిరకమవడం వల్ల కంటే రంధ్రాలు నోరు తెరుచుకుని ఉండటం వల్లే. బోల్టు 10 మిల్లీమీటర్లదైతే ముందు 16 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక మధ్యలో 10 మిల్లీమీటర్ల రంధ్రం మళ్లీ వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ గొట్టం, చెక్క కాదు. సీలు ఎప్పుడైనా కారినా నీటికి చెక్క అందదు. సీలుకి బాత్రూం సిలికాన్ వద్దు, పడవలకు వాడే పాలియురేథేన్ సీలెంట్ తెచ్చుకోండి. ఒక్క పూట అదనపు పని ఇది, డబ్బు తక్కువైనా ఇది మాత్రం వదలకండి.

ఘాట్ దారిలో పడవని తరలించేటప్పుడు మోటారుని బల్లకి వేలాడదీసి తేవద్దు. ప్రతి గోతికీ దెబ్బ ఆ బల్లకే తగులుతుంది. విప్పి, లారీలో పడుకోబెట్టి తీసుకురండి.

ఈ వేసవిలో మోటారు దింపినప్పుడు అడుగున ఉన్న ఒక బోల్టు విప్పి, ఆ రంధ్రంలో అగ్గిపుల్ల తిప్పి చూడండి. పుల్ల తడిగా, నల్లగా వస్తే బల్ల మార్చేదాకా ఆ పడవలో ఎవరినీ ఎక్కించుకోకండి.