యంత్రగర్భమున దాగిన గొలుసు

ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు ఛందస్సును వ్యాకరణమును చెప్పిన నేను మోటారు యంత్రమును గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. ఈ విద్య నాకెట్లబ్బినదని అడుగుదురేని, నష్టపడి నేర్చితినని చెప్పవలసియున్నది.

మా మిరపకాయలను గుంటూరు యార్డునకు చేర్చుటకు మాకొక చిన్న సరకుబండి యుండెడిది. ఒక యేట మాఘమాసమున, తెల్లవారుజామున బండిని కదలించినప్పుడెల్ల యంత్రపు ముందుభాగమున, డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్లు గలగల శబ్దము వినవచ్చుచుండెను. మొదట రెండు క్షణములే. పది దినములకు అరనిమిషమాయెను. బాగుచేయువానికి చూపగా, ‘చలికి అట్లే యుండునండి, వేడెక్కిన తగ్గును’ అనెను. నిజముగనే తగ్గుచుండెను గనుక నేనును నమ్మితిని. పిదప ముప్పది బస్తాల కాయతో పోవుచుండగా, చిలకలూరిపేట దాటిన కొంతసేపటికి యంత్రము ఠప్పున మ్రోగి ఆగిపోయెను. విప్పి చూడగా లోపలి గొలుసు పండ్లమీదినుండి జాఱి, వాల్వులు వంగి, పిస్టను తలమీద గాట్లు పడియుండెను. కాయ మఱునాటికి గాని యార్డు చేరలేదు. బాగుసేతకైన వ్యయము, ఆ బస్తాలపై మిగులవలసిన లాభమంతయు హరించినది.

ఆ గొలుసునకే టైమింగు చైను అని పేరు. మోటారుసైకిలు వెనుకచక్రమును త్రిప్పు గొలుసు వేఱు, ఇది వేఱు. వెలుపలి గొలుసు మన కంటికి కనబడును. దానికి నూనె పోయుదుము, వదులైన బిగింతుము. ఇది యంత్రగర్భమున నుండును. లోపల శబ్దమగుచుండగా వెలుపలి గొలుసును బిగించి సంతృప్తిపడిన వారిని నేనెఱుగుదును.

దాని పని తెలియుటకు మన పాత మోటను తలచుకొనుడు. మోటబానకు పెద్ద మోకు ఒకటి, తోలుతొండమును పట్టు సన్నని త్రాడు ఒకటి యుండెడివి గదా. ఎద్దులు ముందునకు నడచినప్పుడు రెండును కలిసి వచ్చి, బాన పైకి చేరు సమయమునకు తొండము సరిగా తొట్టిలోనికి వాలవలెను. సన్నత్రాడు జానెడు సాగినను నీరు తిరిగి నూతిలోనే పడును. ఎద్దులయందు లోపము లేదు, బానయందు లోపము లేదు; వేళ తప్పినది.

యంత్రమునందును అంతియే. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలిని లోనికి విడుచు వాల్వు తెఱచుకొనవలెను. అది పైకి వచ్చి గాలిని నొక్కునప్పుడు రెండు వాల్వులును మూసికొనియుండవలెను. లోపల మండి పిస్టను క్రిందికి త్రోయబడిన పిమ్మట పొగను వెలికి పంపు వాల్వు తెఱచుకొనవలెను. ఈ నాలుగు పనులు ముగియుసరికి క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగును. వాల్వులను తెఱచు మిట్టలుగల ఇరుసు ఒక్క చుట్టే తిరుగవలెను. క్రింది చక్రమునకు 14 పండ్లున్నచో పైదానికి 28 ఉండుటకు కారణమిదియే. ఆ రెంటిని కలుపునది గొలుసు. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు యంత్రములో ఒక్కొక్క వాల్వు క్షణమునకు 25 మార్లు తెఱచి మూయబడును. గొలుసు ఒక పన్ను తప్పినచో, పద్యములో ఒక గణము చెడినట్లు, ఆపై నడకయంతయు చెడును. పైగా అనేక యంత్రములలో పిస్టనునకును తెఱచిన వాల్వునకును నడుమ చోటు మిక్కిలి స్వల్పము. వేళ తప్పిన రెండును ఢీకొనును.

అన్ని యంత్రములకును ఈ గొలుసు లేదు. పొలములందలి చాల ఆయిలింజనులలోను, పాత బుల్లెట్టు బండిలోను ఆ పని పండ్లచక్రములే చేయును. కొన్ని కార్లలో రబ్బరు పట్టీ యుండును. 2014లో నిర్మాణము నిలిచిపోయిన అంబాసిడరు పెట్రోలు బండిలో గొలుసే. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలు, నేడు మన ఊళ్లలో తిరుగు మోటారుసైకిళ్లలో చాలవాటికి ఇదియే.

గొలుసు సాగినదందురు. నిజమునకు ఇనుము సాగదు. లంకెలను కూర్చిన మేకులును, అవి తిరుగు గొట్టములును అఱుగును. ఒక్కొక్క కీలున నూఱవవంతు మిల్లీమీటరు అఱిగినను, నూఱు కీళ్లు గల గొలుసు ఒక మిల్లీమీటరు పొడవగును. ఆ వదులును లాగిపట్టుటకు టెన్షనరు అను బిగింపు సాధనము కలదు. బండిని బట్టి అది స్ప్రింగు బలమునగాని, నూనె ఒత్తిడిచేగాని పనిచేయును. నూనె ఒత్తిడి గల బండిలో రాత్రి నిలిపినపుడు నూనె దిగిపోవుటచే ఉదయము ఒకటి రెండు క్షణములు శబ్దమగుట కలదు. ఆ శబ్దము నానాటికి పెరుగుచున్నచో దానిని చలిమీద నెట్టివేయరాదు. కదలించుట కష్టమగుట, ఎత్తున లాగుడు తగ్గుట కూడ తోడైన, వెంటనే విప్పించి చూడవలెను.

గొలుసునకు ఆయువు నూనెయే. మేకులకు గొట్టములకు నడుమ సన్నని నూనెపొర యున్నంతకాలము అఱుగుడు మందముగా నుండును. నూనె మురికియైనచో అదియే ఆకురాయి వలె పనిచేయును. మన నల్లరేగడి ధూళి, మిరపకల్లముల దుమ్ము, పత్తి తీయు దినములలోని పీచు గాలివడపోతను త్వరగా కప్పివేయును. వడపోత చిరిగినను, సరిగా కూర్చుండకున్నను ఆ ధూళి లోనికి పోయి నూనెలో కలియును. కనుక వారమునకొకమారు బండిని చదునునేలపై నిలిపి, యంత్రమాపిన కొన్ని నిమిషములకు కొలతపుల్లను తుడిచి ముంచి చూడుడు. నూనె రెండు గీతలనడుమ నుండవలెను. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన రకపు నూనెనే పోయించి, బరువుతో దుమ్ములో తిరుగు బండికి గడువునకు ముందే మార్పింపుడు. డ్రమ్ములోని విడినూనె చౌకయని పోయించువారికి నేనేమి చెప్పగలను? నేనును ఒకప్పుడు పోయించినవాడనే.

రబ్బరు పట్టీకి మార్చు గడువును పుస్తకములో వ్రాయుదురు. గొలుసునకు తఱచుగా వ్రాయరు. అది శాశ్వతమని అర్థము కాదు. మార్చునప్పుడు గొలుసుతోపాటు పండ్లచక్రములను, దారిపట్టీలను, బిగింపు సాధనమును కూడ మార్పింపవలెను. అఱిగిన పండ్లమీద క్రొత్త గొలుసు నిలువదు. రెండు చక్రములమీది గుర్తులును సరిగా కుదిరినవో లేదో మీ యెదుట చూపుమనుడు. తరువాత యంత్రమును కదలింపక ముందే క్రాంకు ఇరుసును చేతితో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు త్రిప్పించి, గుర్తులను మరల చూడవలెను. ఎచ్చటనైన గట్టిగా అడ్డుపడినచో బలవంతము చేయనీయక, గొలుసును విప్పించి మొదటినుండి కూర్పించుడు.