ఒంట్లో పుట్టే గంజాయి

రుమటాయిడ్ కీళ్లవాతానికి గంజాయి నూనె చుక్కలు పనిచేస్తాయా అని ఒక పాఠకురాలు అడిగారు. ఈ జబ్బులో రక్షణ కణాలు దారితప్పి సొంత కీళ్ల లోపొర మీదే దాడి చేస్తాయి. వాపు, నొప్పి, పొద్దున్నే బిగుసుకుపోయే వేళ్లు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు రుచి ఆ తరవాతి కథలో ఉంది.

గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీని రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోని 1964లో ఇజ్రాయెల్‌లో విడదీశారు. అది ఒంట్లో ఏం చేస్తుందో మాత్రం చాలాకాలం తేలలేదు. కొవ్వులో కరిగేది కాబట్టి కణాల పొరలో చేరి అల్లరి చేస్తుందంతే అని పెద్దపెద్దవాళ్లే అనుకున్నారు. తప్పు! 1988లో ఎలుక మెదడులో దాన్ని పట్టుకునే గ్రాహకం బయటపడింది. 1993లో రెండోది, సీబీ2, దొరికింది. అది ఎక్కువగా ఉండేది రక్షణ కణాల్లోనే.

గ్రాహకాలున్నాయంటే వాటికి సరిపడే సరుకు ఒంట్లోనే తయారవ్వాలిగా? మన కణాలు ఏ మొక్క కోసమో కాచుక్కూర్చోవు. 1992లోనే ఆ సరుకు దొరికింది: ఆనందమైడ్. ఈ జాతి పదార్థాల నడకే వింత. నాడీ సంకేతం మామూలుగా పంపే కణం నుంచి అందుకునే కణానికి పోతుంది. ఇవి ఎదురు నడుస్తాయి. అందుకున్న కణం తన కొవ్వు పొరలోంచే వీటిని అప్పటికప్పుడు తయారుచేసి, పంపిన కణానికి "ఇక చాలు" అని కబురు పెడుతుంది. పని కాగానే ఎంజైములు వీటిని ముక్కలు చేసేస్తాయి. కీళ్లవాతం రోగుల కీళ్ల ద్రవంలో ఆనందమైడ్ కనిపించింది, ఆరోగ్యవంతుల్లో కనిపించలేదు.

ఆనందమైడ్‌ను ముక్కలు చేసే ఎంజైమును ఆపితే సరి అనుకుంది మందుల కంపెనీ ఫైజర్. మోకాళ్లు అరిగినవారికి మాత్ర ఇచ్చి చూసింది. ఆనందమైడ్ పెరిగింది, నొప్పి మాత్రం తగ్గలేదు.

ఇక మందు సంగతి. టీహెచ్‌సీ, గంజాయిలోనే ఉండే మత్తెక్కించని సీబీడీ కలిసిన సాటివెక్స్ స్ప్రేని బ్రిటన్‌లో 58 మంది రుమటాయిడ్ రోగుల మీద 5 వారాలు పరీక్షించారు. 2006లో ఫలితాలొచ్చాయి. నొప్పి తగ్గింది, నిద్ర మెరుగైంది, పొద్దుటి బిగుతు మాత్రం కదల్లేదు. 2022లో అచ్చయిన అధ్యయనంలో డెన్మార్క్ పరిశోధకులు ఉత్త సీబీడీని సోరియాటిక్ ఆర్థరైటిస్, చేతివేళ్ల కీళ్ల అరుగుదల ఉన్న 136 మందితో 12 వారాలు పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ కనబడలేదు. నాకు ఆశ్చర్యం లేదు. సీబీడీకి ఆ రెండు గ్రాహకాల మీదా పట్టు అంతంతమాత్రమే. సీబీ2 పేరు చెప్పి సీబీడీ నూనె అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

కీళ్లు పాడవకుండా గంజాయి మందు కాపాడుతుందని మనుషుల్లో ఇంతవరకు రుజువు కాలేదు. ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ మందు వాడుతున్నవారు గంజాయి నూనెను నమ్ముకుని ఆ మందును మానకండి.